ముందు నమస్కారం, వెనక కుర్చీ

"నీ ఉద్యోగ జ్ఞాపకాలు రాయి అవ్వా" అని మనవరాలి వయసున్న ఒక అమ్మాయి అడిగితే నాకు మొదట నవ్వొచ్చింది. కలెక్టర్లు రాస్తారు, డాక్టర్లు రాస్తారు. పోలీసు అధికారులైతే రిటైరయ్యేదే అందుకన్నట్టు రాస్తారు. నంద్యాల బజారులో ఫ్యాన్సీ షాపు కౌంటరు వెనక నిలబడి గాజులు, రిబ్బన్లు, బొమ్మలు అమ్మినదానికి జ్ఞాపకాలేముంటాయి, మోకాళ్ళ నొప్పులు తప్ప! కానీ ఆ అమ్మాయి వదల్లేదు. "మీ షాపులో ఏదో బొమ్మ గురించి గొడవ జరిగిందంట కదా" అంది. జరిగింది. దాని గురించి ఊర్లో రకరకాలుగా చెప్పుకుంటారు గనక, కళ్ళారా చూసినదాన్ని నేనే చెప్తాను. వినండి.

నేను ఆ షాపులో చేరింది డెబ్బైల్లో. మా నాయన మిషన్ బడిలో టీచరు. నేను ఇంటర్మీడియెట్ తప్పి ఇంట్లో కూర్చుంటే ఆయనే తీసుకుపోయి చేర్పించాడు. మా చర్చి ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు, టీచరు కూతురు షాపులో నిలబడి రిబ్బన్లు అమ్మడమేందని. "పని చేస్తాంది కదా, దొంగతనం చేస్తాందా?" అన్నాడు మా నాయన. ఆయన ఒక్కసారి అలా అన్నాడంటే ఇంక ఎదురు మాట ఉండేది కాదు.

షాపు యజమాని సాయబు. చిన్నప్పుడు మా నాయన దగ్గర చదువుకున్నాడు. ఆ గౌరవంతోనే నన్ను పనిలో పెట్టుకున్నాడు, ఆ గౌరవంతోనే చివరిదాకా "పాపా" అని పిలిచాడు. నా జుట్టు నెరిసిన తర్వాత కూడా పాపానే. వ్యాపారంలో దిట్ట. ఆడవాళ్ళు మెట్లెక్కుతుంటేనే ఏ రంగు గాజులు తీయాలో చెప్పేవాడు. ధైర్యం మాత్రం దేవుడు ఆయనకు కాస్త తక్కువ కొలిచాడు.

ఎంత తక్కువో చెప్తాను. ఎమర్జెన్సీ రోజుల్లో మా అద్దాల బీరువాలో మూడు కోతుల బొమ్మ ఉండేది. చెడు చూడకు, చెడు వినకు, చెడు మాట్లాడకు. ఒకరోజు ఒక కానిస్టేబులు షాపులోకి వచ్చి దాన్ని కాసేపు తేరిపార చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అంతే! మా యజమాని ఆ కోతుల్ని అటక ఎక్కించేశాడు.

"ఏమన్నా, ఆయప్ప పిల్లోళ్ళకు కొందామని చూసినాడేమో" అన్నాను.

"గమ్మునుండు పాపా. నోరు మూసుకున్న కోతి గూడా ఏదో చెప్తాన్నట్లే లెక్క, ఈ దినాల్లో" అన్నాడు.

ఎమర్జెన్సీ పోయింది, కోతులు మాత్రం చాలా కాలం కిందికి దిగలేదు. ఇలాంటి మనిషి షాపులోకి ఆ బొమ్మ ఎలా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. నవ్వు వల్ల వచ్చింది.

ఆళ్ళగడ్డ శిల్పుల సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఇప్పుడు దేశదేశాలకు విగ్రహాలు పంపిస్తున్నారు. అప్పుడు అంత హంగు లేదు. రోడ్డు పక్కన రేకుల పందిళ్ళు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉలి చప్పుడు, చెట్ల ఆకుల మీద కూడా రాతి పొడి. అక్కడ ఒక ఆచారి ఉండేవాడు. పెద్ద పనివాడు. గుళ్ళకు దేవుళ్ళను చెక్కేవాడు. పెద్ద విగ్రహాలు చెక్కగా మిగిలిన రాతి ముక్కలతో తోచినప్పుడల్లా జానెడు జానెడు బొమ్మలు చేసి, గంపలో గడ్డి పరిచి, బస్సులో మా షాపుకు తెచ్చేవాడు. చిలకలు, ఏనుగులు, నందులు. ఆయన్ను నేను మామా అని పిలిచేదాన్ని. వచ్చినప్పుడల్లా వెనక గదిలో కూర్చుని టీ తాగుతూ, ఊరందరినీ ఆడిపోసుకుంటూ మమ్మల్ని నవ్వించేవాడు. చెక్కేది దేవుళ్ళనైనా ఆయన చూపంతా మనుషుల మీదే ఉండేది.

ఎనభైల మొదట్లో, ఎన్నికలు దగ్గర పడుతున్న రోజుల్లో, ఒకసారి గంపలోంచి కొత్త బొమ్మ తీసి కౌంటరు మీద పెట్టాడు. పంచె, కండువా కట్టుకున్న మనిషి, నడుము వంచి రెండు చేతులూ జోడించి నమస్కారం పెడుతున్నాడు. ముఖాన ఎంత వినయమో! చూస్తే జాలి పడి మనమే లేపి కూర్చోబెట్టాలనిపిస్తుంది.

"బాగుండాది మామా. ఎవురీయన?" అన్నాను.

"తిప్పు" అన్నాడు.

తిప్పాను. అదే రాయి, అదే మనిషి. వెనక వైపు కుర్చీలో వెనక్కి వాలి, కాలు మీద కాలేసుకుని, పైకప్పు చూస్తున్నాడు. కింద మనిషి నిలబడి ఉన్నాడన్న స్పృహ కూడా లేని మొహం. ఒకే రాతిలో ముందు ఒకటి, వెనక ఒకటి.

మా యజమాని నవ్వాడు చూడండి, టీ గ్లాసు కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ బొమ్మ తిప్పి చూసి మళ్ళీ నవ్వాడు. "ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న! అరే, ఆచారీ, రాతిలో సామెత చెక్కినావే!"

"ఎవురిని చూసి చేసినావు మామా?" అని నేను గుచ్చి అడిగాను.

"ఎవురని చెప్పేది పాపా? పోయినసారి ఓట్లకు ఒకాయన మా పందిట్లోకి వంగి వచ్చి దండం పెట్టినాడు. మా వీధికి నీళ్ళ కొళాయి అడగడానికి మళ్ళ నేను వాళ్ళింటికి పోతే పైకప్పు చూస్తా కూర్చున్నాడు. అంతకు ముందు ఉండిన ఆయప్పా అంతే. పేరు పెట్టాలంటే శానామందికి పెట్టాల."

మొహం మాత్రం ఎవరిదీ కాదు. దేవుళ్ళను చెక్కి చెక్కి ఆయన చేతికి ఒకటే కొలత అలవాటైపోయింది. ముక్కు, గడ్డం, చెవులు అన్నీ శాస్త్ర ప్రకారం. ఈ వంగి దండం పెట్టే పెద్దమనిషికి కూడా రాముల వారి ముక్కే పెట్టాడు.

బొమ్మ బాగా పోయింది. కొన్నవాళ్ళు ఇంటికి తీసుకుపోయి వచ్చిన చుట్టాలకల్లా తిప్పి చూపించేవాళ్ళు. ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర ఒక షాపులో, చాగలమర్రిలో ఇంకో షాపులో కూడా పెట్టారు. ఆచారి హుషారుగా ఇంకొన్ని చేసి తెచ్చాడు.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి ఉంది. రోడ్డు మీద పోయేవాళ్ళకు అద్దాల బీరువాలో ముందు వైపు మాత్రమే కనిపిస్తోంది కదా, అసలు రుచి వెనకే ఉందే అనిపించింది. షాపులో అమ్మకానికి ఉన్న నిలువుటద్దం ఒకటి తెచ్చి బొమ్మ వెనక నిలబెట్టాను. రోడ్డు మీద నిలబడితే ఎదురుగా నమస్కారం, అద్దంలో కుర్చీ. యజమాని చూసి భుజం తట్టాడు. "టీచరు కూతురువనిపించినావు" అన్నాడు. నాకు ఇప్పటికీ ఆ అద్దం విషయంలో గర్వమే.

తర్వాత ఒకరోజు మా బజారులో ఎన్నికల ఊరేగింపు వచ్చింది. డప్పులు, జెండాలు, టపాకాయలు. ఓపెన్ జీపులో ఓట్లకు పోటీ చేస్తున్న ఆ ప్రాంతం పెద్దాయన నిలబడి రెండు పక్కలా దండాలు పెడుతున్నాడు. సరిగ్గా మా షాపు ఎదురుగా పత్తి బోరేలు, అంటే మూటలు, వేసుకున్న ఎద్దుల బండి ఒకటి అడ్డం తిరిగి జీపు ఆగిపోయింది. ఎద్దులు కదలవు. జీపు కదలదు. పెద్దాయన చేతులు జోడించుకుని, కాస్త వంగి, చిరునవ్వుతో అలాగే నిలబడ్డాడు. మా బీరువా ఎదురుగా.

గుంపులో ఎవరో ఒకామె గట్టిగా అంది: "యమ్మా, చూడండే! పెద్దాయన ఈడ గూడా ఉండాడే! ఎనక కుర్చీ గూడా తెచ్చుకున్నాడు!"

జనం అటు చూశారు, ఇటు చూశారు, అద్దంలో చూశారు. నవ్వు మొదలైంది. డప్పులు కొట్టేవాళ్ళు కూడా కొట్టడం ఆపి మెడలు చాచి చూసి నవ్వారు. పెద్దాయన చేతులు దించలేదు. చిరునవ్వు కూడా తియ్యలేదు. కళ్ళు మాత్రం మెల్లగా మా షాపు వైపు తిరిగాయి. బండి కదిలింది, జీపు పోయింది. మా యజమాని కౌంటరు వెనక స్టూలు మీద కూలబడి "యా అల్లా" అన్నాడు.

మరునాడు షాపు తెరవగానే పెద్దాయన మనిషి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. ఆయన్ను తెల్లచొక్కాయన అనే అంటాను. అరవలేదు, తిట్టలేదు. మర్యాదగా కూర్చున్నాడు.

"ఆ బొమ్మ తీసేయప్పా సాయిబూ. మా అన్న బాధపడినాడు."

"మీ అన్న ఎందుకు బాధపడాలన్నా? అది ఆయన బొమ్మ కాదు కదా" అని నేను అందుకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అని కూడా నోటి దాకా వచ్చింది. యజమాని కాలితో నా కాలు తొక్కాడు.

"కాకుంటే ఎవురిది? ముక్కు చూడు. అచ్చం మా అన్న ముక్కే" అన్నాడు తెల్లచొక్కాయన కొంచెం గర్వంగానే.

యజమాని బేరానికి దిగాడు. అద్దం తీసేస్తానన్నాడు. కుర్చీ వైపు గోడకు తిప్పి నమస్కారం వైపే కనపడేటట్లు పెడతానన్నాడు. తెల్లచొక్కాయన ఆలోచించి సరేనన్నాడు. "అట్ల పెట్టు. నమస్కారం వైపు బాగుండాది. దానికేం అభ్యంతరం లే" అని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. ఆచారి చెక్కింది కూడా సరిగ్గా అదే కదా, ఈ పెద్దమనుషులకు ముందు వైపు మాత్రమే కనపడాలని.

గోడకు తిప్పినంత మాత్రాన జనం ఊరుకుంటారా? "ఏమ్మా, ఎనక పక్క చూపించవా?" అంటూ షాపులోకి రావడం మొదలుపెట్టారు. గాజు ముక్క కూడా కొననివాళ్ళు బొమ్మ తిప్పి చూసి నవ్వుకుని పోయేవాళ్ళు. సంగతి తెల్లచొక్కాయనకు తెలియకుండా ఉంటుందా! మళ్ళీ వచ్చాడు. ఈసారి కూర్చోలేదు.

"మొత్తం తీసేయ్. షాపు అద్దాలు బాగుండాయి, అట్లనే ఉండనీ."

ఆ ఒక్క మాట చాలు. బొమ్మలన్నీ గోనెసంచిలోకి పోయాయి. ఆళ్ళగడ్డ షాపువాడు, చాగలమర్రి షాపువాడు ఎవరూ అడక్కముందే తీసేశారని తర్వాత తెలిసింది. నేను యజమానితో పోట్లాడాను. తప్పేం చేశామన్నాను. చట్టంలో బొమ్మ పెట్టకూడదని యాడుంది అన్నాను.

"చట్టం యాడుంటాదో నాకు తెల్దు పాపా. ఈ అద్దం మాత్రం నాది, ఈడుండాది. రాయి పడితే పగిలేది ఇదే" అన్నాడు. ఆయన పిల్లలు ఆ షాపు మీదే బతకాలి. ఆ రోజు నాకు ఆ మాట మింగుడు పడలేదు గానీ, తీసిపారేయదగిన మాట కూడా కాదు.

గోనెసంచి మూతి కట్టామో లేదో, అవతలి వర్గం మనిషి దిగాడు. "ఎందుకు తీసేసినావు సాయిబూ? అది వాళ్ళ నాయకునిదే కదా. తీసినావంటే నువ్వు వాళ్ళ పక్కే అని లెక్క. పెట్టు మళ్ళా!" అని కేకలు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మా యజమాని జ్వరమని చెప్పి ఇంటికి పోయి పడుకున్నాడు. నిజంగానే జ్వరం వచ్చింది పాపం.

ఇంకేం బొమ్మలు తేవద్దని చెప్పిరమ్మని నన్ను ఆళ్ళగడ్డకు పంపించాడు. పోయేసరికి ఆచారి ఉలి పట్టుకుని లేడు. పందిట్లో రాతి దిమ్మె మీద ఊరికే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నిలువెత్తు ఆంజనేయస్వామి. నల్లరాతిలో నరాలు కూడా తెలుస్తున్నాయి. కళ్ళు మాత్రం ఇంకా తెరవలేదు, అక్కడ నున్నటి రాయి.

మీలో కొందరికి తెలియకపోవచ్చు. విగ్రహానికి కళ్ళు చివరన తెరుస్తారు. అదీ ప్రతిష్ఠ ముందు, గుడి దగ్గర, తెర చాటున. అంతవరకు అది రాయి, తర్వాత దేవుడు. చెక్కిన చెయ్యే కళ్ళు తెరవాలి. నేను చర్చికి పోయేదాన్ని, ఇదంతా నాకు ఆచారి చెప్పగా తెలిసిందే. ఆ స్వామి కోసం ఆయన ఎంతకాలం కష్టపడ్డాడో మాత్రం నేను చూస్తూనే ఉన్నాను. తన తండ్రి కూడా ఇంత పని చెయ్యలేదని చెప్పుకునేవాడు.

ఆ గుడి కమిటీకి పెద్ద ఎవరనుకున్నారు? జీపులో దండాలు పెట్టిన ఆ పెద్దాయనే.

"కమిటీ నుంచి మనిషి వచ్చినాడు పాపా" అన్నాడు ఆచారి. "ఆ బొమ్మలన్నీ మీ షాపు ముందర, బజార్లో, అందరూ చూస్తాండగా నేనే సుత్తితో పగలగొట్టాలంట. లేకుంటే స్వామికి వేరేవాళ్ళతో కళ్ళు తెరిపిస్తారంట."

ఆయన భార్య లోపలినుంచి చేట పట్టుకుని వచ్చింది. "దేవుళ్ళు చాలక మనుషుల్ని చెక్కమని ఎవురు చెప్పినారు ఈయనకు? చిలకలు చేసుకుంటా గమ్మునుండకూడదూ! పోయి పగలగొట్టేసి రాపో. రాళ్ళే కదా!"

"రాళ్ళే" అన్నాడు ఆచారి. "అంతా రాళ్ళే. కానీ నేను చెక్కింది నేనే కొట్టినానంటే ఇంక ఈ చెయ్యి దేనికే?" ఆమె గొంతు తగ్గించింది. "వేరేవాడు కళ్ళు తెరిస్తే నువ్వు బతుకుతావా మరి" అని, కొంగుతో కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది.

రావద్దు మామా అనాలా, రా మామా అనాలా? ఆమె చేసిచ్చిన టీ తాగి బస్సెక్కాను. దారి పొడవునా ఆ కళ్ళు లేని స్వామే నాకు గుర్తొచ్చాడు.

కమిటీ వాళ్ళు పెట్టిన రోజు రానే వచ్చింది. మా షాపు ముందు తిరునాళ్ళలా జనం. తెల్లచొక్కాయన తన మనుషులతో వచ్చాడు. మా యజమాని గోనెసంచి బయటికి తెచ్చి మెట్ల మీద పెట్టి, మళ్ళీ లోపలికి పోయి నా వెనక నిలబడ్డాడు. ఆచారి బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు, భుజాన సంచి, సంచిలో సుత్తి. పగలగొడతాడనే అనుకున్నాను.

ఆయన గోనెసంచి మూతి విప్పి ఒక బొమ్మ తీసి మెట్టు మీద నిలబెట్టాడు. సుత్తి తీసి, పిడి ముందుకు పెట్టి తెల్లచొక్కాయనకు అందించాడు.

"ఏందిది?" అన్నాడు ఆయన.

"నువ్వే కొట్టప్పా. నేను చెక్కినోన్ని, నా చెయ్యి రాదు."

"కొట్టాల్సింది నువ్వు!"

"నేను కొడితే రాయి పగులుతాది అంతే. నాకు ఇది ఎవురి బొమ్మా కాదు. రాముల వారికి పెట్టే ముక్కే దీనికీ పెట్టినా. నువ్వే కదప్పా, ఇది మీ అన్న ముక్కని ఈ షాపులోనే చెప్పింది. మీ అన్న అయితే మీ అన్న తల నువ్వే పగలగొట్టు. కాదంటావా, ఊరికే రాళ్ళకు నన్నెందుకు పిలిచినావు?"

తెల్లచొక్కాయన చేతిలో సుత్తి అలాగే ఉంది. ఎన్నికల ముందు, నడిబజారులో, సొంత నాయకుని తల సొంత చేత్తో పగలగొట్టడమా? మా సీమలో శకునం అంటే ఎంత పట్టింపో మీకు తెలుసు. పిల్లి ఎదురొస్తేనే జీపు ఆపేవాళ్ళు వాళ్ళు. పోనీ మా అన్న కాదంటే? ఇన్ని రోజులు చేసిన రభసంతా దేనికని జనం అడగరా? ఆయన తన వెనకున్న మనిషికి సుత్తి ఇవ్వబోయాడు. వాడు రెండడుగులు వెనక్కి వేశాడు. వాడు ఇంకొకని వైపు చూశాడు. జనంలో ఎవరో పక్కున నవ్వారు.

"వద్దులే. ఇవన్నీ అన్న దగ్గరికే తీసకపోతాం. ఆయప్పే చెప్తాడు" అని తెల్లచొక్కాయన బొమ్మను మళ్ళీ గోనెసంచిలో పెట్టించాడు. ఎంత జాగ్రత్తగా పెట్టించాడనుకున్నారు, ముక్కు ఎక్కడ చెక్కుకుపోతుందోనని! సంచి జీపెక్కింది.

జనం పోయాక మా యజమాని బయటికి వచ్చి ఆచారిని వాటేసుకున్నాడు. నేను ఒక పిల్లోణ్ణి అంగడికి పంపించి వేడి వేడి బజ్జీలు తెప్పించాను. అంత సంతోషం నా ఉద్యోగంలో అంతకు ముందు లేదు, తర్వాతా లేదు. ఆచారి మాత్రం బజ్జీ ముట్టలేదు. "స్వామి సంగతి తేలనీ పాపా" అన్నాడు.

ఎన్నికలైపోయాయి. పెద్దాయనే గెలిచాడు. ఆచారి ఇంటికి కబురు ఎప్పుడొస్తుందా అని మేమంతా భయపడుతూ కూర్చున్నాం. కబురొచ్చింది. ఫలానా రోజు ప్రతిష్ఠ, వచ్చి కళ్ళు తెరవమని. వేరేవాళ్ళు కాదు, ఆయన్నే! ఆయన భార్య అది చెప్పడానికి తొలిసారి మా షాపుకు వచ్చింది, కౌంటరు ముందు నిలబడి ఏడుస్తూనే నవ్వింది.

ప్రతిష్ఠకు మేమిద్దరం కూడా పోయాం, యజమానీ నేనూ. గుడి బయట జనంలో నిలబడ్డాం. తెర చాటున ఆచారి స్వామికి కళ్ళు తెరిచాడు. తెర తీశారు. నాకు ఆ దేవుని సంగతి తెలియదు గానీ, నిన్నటిదాకా రాయిగా ఉన్నది మావైపు చూస్తోందని మాత్రం తెలిసింది. పక్కనున్న ఆడవాళ్ళు చెంపలేసుకున్నారు.

తర్వాత సభ. పెద్దాయన లేచి మైకు ముందుకొచ్చాడు. ఇప్పుడు మామను కడిగేస్తాడురా అనుకున్నాను.

"ఈ ఆచారి నన్ను చెక్కినాడని మావాళ్ళు గోల చేసినారు" అని మొదలుపెట్టాడు, నవ్వుతూ. "ఆ బొమ్మలు మా ఇంట్లోనే ఉండాయి. మంచి పని. చెక్కనీండప్పా! శిల్పికి స్వేచ్ఛ ఉండాల. ఇంత గొప్ప చెయ్యి మన సీమలో ఇంకోటి ఉండాదా? సాయిబూ, ఈడనే ఉండావంట కదా, నీ షాపులో దర్జాగా పెట్టుకో, ఎవురడ్డమొస్తారో నేను చూస్తా!"

చప్పట్లు మోగిపోయాయి. పెద్దాయన జరీ అంచు శాలువా తెప్పించి, ఆచారిని వేదిక మీదికి పిలిచి, స్వయంగా భుజాల మీద కప్పి, నడుము వంచి నమస్కారం పెట్టాడు. ఆచారి శాలువా అంచు తడిమి చూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన్ను ఎవరూ వేదిక ఎక్కించలేదు. మా యజమాని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "చూసినావా పాపా, పెద్దమనసంటే అది" అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. చేతులు నొప్పి పుట్టేటట్లు చప్పట్లు కొట్టాను.

మరునాడే అద్దాల బీరువా తుడిచి, నిలువుటద్దం మళ్ళీ నిలబెట్టి, బొమ్మకు చోటు వదిలిపెట్టాను. మా దగ్గర ఒక్కటీ మిగల్లేదు కదా, అన్నీ పెద్దాయన ఇంట్లో ఉన్నాయి. కొత్తవి రావాలి. ఆచారి వచ్చాడు. గంపలో చిలకలు. తర్వాతిసారి ఏనుగులు. ఆ తర్వాత మళ్ళీ చిలకలు. పని ఎక్కువగా ఉందన్నాడు, మంచి రాయి దొరకలేదన్నాడు. ఊర్లో రాజకీయాల గురించి మునుపటిలా నవ్వించడం కూడా తగ్గిపోయింది. ఎవరి గురించైనా మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "మనకెందుకులే" అనేవాడు.

జనం అడుగుతూనే ఉన్నారు. చివరికి నేనే ఆళ్ళగడ్డకు పోయాను. ఆయన పెద్దాయన విగ్రహం ఒకటి చెక్కుతున్నాడు, ఛాతీ వరకు. కమిటీ వాళ్ళు అడిగారట.

"మామా, ఇప్పుడు ఎవురూ అడ్డం లేరు కదా. ఆయప్పే చెక్కమన్నాడు. ఆ ముందూ వెనకా బొమ్మ ఒక్కటి చేసియ్యి. నాకోసం."

ఉలి కింద పెట్టాడు. విగ్రహం మీది రాతి పొడి ఊదాడు.

"నాకూ చెయ్యాలనే ఉండాది పాపా. రాయి ముందర కూర్చుంటా. నమస్కారం వైపు బాగనే వస్తాది. తిప్పుతా. తిప్పినప్పుడల్లా ఆయప్ప వంగి శాలువా కప్పింది గుర్తొస్తాది." తల పక్కకు తిప్పుకున్నాడు. "అంత మర్యాద చేసిన మనిషికి ఎనక పక్క ఎట్ల చెక్కేది చెప్పు?"

"అది ఆయన బొమ్మ కాదంటివి కదా మామా! ఎవురిదీ కాదంటివి!"

"అప్పుడు కాదు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఏడుపు కూడా వచ్చింది. సుత్తి ముందు నిలబడిన మనిషి కదా ఈయన అనిపించింది. ఆయన భార్య లోపల దండెం మీద మడత పెట్టి ఉన్న శాలువాను సర్దుతూ, నన్ను తిని పొమ్మంది. ఆకలి లేదని చెప్పి వచ్చేశాను.

షాపులో మా యజమాని బీరువాలో ఖాళీ చోటు ముందే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నాడు పాపా?"

"చెయ్యడంట."

"మళ్ళా బెదిరించినారా?"

"లేదన్నా. సన్మానం చేసినారు కదా, అందుకంట."

ఆయన ఎంతైనా వ్యాపారం చేసినవాడు, మనుషులు ఏది దేనికి ఇచ్చుకుంటారో తెలిసినవాడు. నిలువుటద్దం తీసి గోడకు ఆనించాడు. ఆ ఖాళీలో ఒక రాతి ఏనుగును తెచ్చి పెట్టాడు.

"బెదిరించింటే మళ్ళా చేసేటోడు" అన్నాడు. "ఇంక రావు పాపా ఆ బొమ్మలు."